మిరపను బాగుచేసిన పనిమనిషి మనవడు: ఫాబియన్ గార్సియా

మిరప తోటలో పనిచేసిన వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సాయంత్రం నీళ్ళు కట్టి ఇంటికి పోతాం. తోట పచ్చగా, పూత మీద ఉంటుంది. నాలుగు రోజులు పోయాక చూస్తే పల్లం వైపు సాలులో అయిదారు మొక్కలు తలలు వాల్చి ఉంటాయి. వారం తిరిగేసరికి నీళ్ళు పారిన దారి వెంబడే సాలుకు సాలు ఎండిపోతుంది. మొక్కను పీకి చూస్తే మొదలు దగ్గర బెరడు నల్లబడి, వేళ్ళు కుళ్ళి ఉంటాయి. కౌలు రైతు మందుల కొట్టుకు పరుగెత్తుతాడు. కొట్టాయన మూడు సీసాలు చేతిలో పెట్టి, పద్దు రాసుకుంటాడు. అందులో ఒకటి మొక్కకు రోగనిరోధక శక్తి పెంచే మందట.

ఆ మధ్య మేము వెళ్ళిన ఒక ఊళ్ళో అచ్చం ఇలాగే జరిగింది. ఆ సీసా మీద లోపల ఏముందో రాసి కూడా లేదు. మూడుసార్లు కొట్టారు. ఎకరం తోటలో సగం పోయింది. కోతకు రావలసిన ఆడకూలీలకు రెండు వారాల పని పోయింది. పంటకు తెగులొస్తే నష్టం రైతుదే అనుకుంటారు గానీ, అందరికంటే ముందు ఆగిపోయేది కూలి డబ్బు. ఆ రాత్రి అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక పెద్దమ్మ మమ్మల్ని ఒక ప్రశ్న వేసింది. పిల్లలకు టీకా వేస్తే రోగం ఆగుతుంది కదా, మొక్కకు అలాంటిది ఉండదా, సీసా తప్ప దానికి సొంత బలం లేదా అని.

మంచి ప్రశ్న. దీనికి సగం జవాబు ఒక మనిషి జీవితంలో ఉంది. మిగతా సగం ఆయన పోయాక శాస్త్రజ్ఞులు తెలుసుకున్నారు. ఆ మనిషి పేరు ఫాబియన్ గార్సియా. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఆయన పేరు తెలియని మిరప రైతు అరుదు. మన కూలీలకూ, కార్యకర్తలకూ ఆయన కథ తెలియాలన్నది మా ఉద్దేశం.

నాయనమ్మ చేయి పట్టుకుని వచ్చిన పిల్లవాడు

గార్సియా 1871లో మెక్సికో దేశంలోని చివావా రాష్ట్రంలో పుట్టాడు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోయారు. పెంచే భారం నాయనమ్మ హకోబా మీద పడింది. ఆ వృద్ధురాలు రెండేళ్ళ పిల్లవాణ్ణి తీసుకుని 1873లో సరిహద్దు దాటి ఉత్తరానికి వచ్చింది.

సరిహద్దు అంటున్నాం గానీ ఆ సరిహద్దు పుట్టి ఎంతో కాలం కాలేదు. 1848తో ముగిసిన యుద్ధంలో అమెరికా మెక్సికో భూభాగంలో పెద్ద భాగాన్ని లాక్కుంది. రియో గ్రాండే నది ఒడ్డున ఉన్న మెసిల్లా లోయ 1853 నాటి ఒప్పందంతో అమెరికా చేతికి వచ్చింది. అక్కడి స్పానిష్ మాట్లాడే రైతులు ఉన్నచోటే ఉన్నారు, జెండా మాత్రం మారింది. కొత్త ప్రభుత్వంలో కొలువులూ, చదువులూ ఇంగ్లీషు వచ్చిన వాళ్ళవి. పొలం పనీ, ఇంటి పనీ మెక్సికన్ వాళ్ళవి.

హకోబా కూడా ఇంటిపనిలోనే కుదిరింది. మెసిల్లా ప్రాంతంలో కసాడ్ అనే కుటుంబం తోటలూ, పొలాలూ పెట్టుకుని ఉండేది. వాళ్ళింట్లో ఆమె పనిమనిషి. పిల్లవాడు ఆ తోటల మధ్యనే పెరిగాడు. చెట్లకు పాదులు చేయడం, నీళ్ళు మళ్ళించడం, అంట్లు కట్టడం చూస్తూ, చేస్తూ నేర్చుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు అతనికి చదువు చెప్పించారు. ఇది మంచి మాటే, కాదనం. కానీ పనిమనుషుల పిల్లల్లో చురుకైన వాళ్ళు ఎందరు ఉంటారు, వాళ్ళల్లో ఎందరికి అలాంటి ఇల్లు దొరుకుతుంది? ఒకడికి దొరికిన అవకాశాన్ని చూసి మనం సంతోషించాలి. దొరకని వాళ్ళను మాత్రం మరిచిపోకూడదు. గార్సియా మరిచిపోలేదు. ఆ సంగతి చివరలో చెబుతాం.

లాస్ క్రూసెస్ పట్టణంలో అప్పుడే పెట్టిన వ్యవసాయ కళాశాలలో చేరాడు. 1894లో అక్కడినుంచి మొట్టమొదటి పట్టభద్రుల జట్టు బయటికి వచ్చింది. మొత్తం అయిదుగురు. అందులో ఫాబియన్ గార్సియా ఒకడు. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి, తిరిగి తన కళాశాలకే వచ్చాడు. అప్పటినుంచి ఉద్యోగ జీవితమంతా అక్కడే. తోటల పెంపకం బోధించాడు. 1910 దశాబ్దంలోనే ఆ కళాశాల ప్రయోగ క్షేత్రానికి డైరెక్టరు అయ్యాడు. అమెరికాలో ఇలాంటి ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగ క్షేత్రానికి పెద్ద అయిన మొదటి మెక్సికన్ సంతతివాడు ఆయనే.

పద్నాలుగు రకాలతో మొదలు

మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. అక్కడి ఆదివాసి రైతులు వేల ఏళ్ళ కిందటే దాన్ని అడవినుంచి తెచ్చి చేలో పెట్టారు. పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చి నాలుగైదు వందల ఏళ్ళే అయింది. అంటే గుంటూరు మిరపకూ, గార్సియా మిరపకూ తాత ముత్తాతలు ఒక్కరే.

ఆ రోజుల్లో మెసిల్లా లోయలో ప్రతి రైతూ తన విత్తనం తనే దాచుకునేవాడు. అందువల్ల ఏ తోటకు ఆ తోట వేరు. ఒకే తోటలో కూడా ఒక చెట్టు కాయ పొడుగు, పక్క చెట్టు కాయ పొట్టి. ఒకటి నోరు మండిస్తుంది, ఇంకోటి చప్పగా ఉంటుంది. కొన్నిటికి కండ ఉండదు, కొన్నిటి తోలు ముడతలు పడి కాల్చి వలవడానికి వీలుకాదు. 1907 ప్రాంతంలో గార్సియా లాస్ క్రూసెస్ చుట్టుపట్ల రైతుల దగ్గరినుంచి 14 రకాల మిరపలు సేకరించి పని మొదలుపెట్టాడు. 1908లో మిరప సాగు మీద రైతులకోసం ఒక బులెటిన్ రాశాడు.

ఆయన చేసిన పని వినడానికి తేలిక. తోటంతా తిరిగి మంచి చెట్టును గుర్తుపెట్టాలి. దాని గింజ విడిగా తీయాలి. మరుసటి ఏడు దాన్ని విడిగా నాటాలి. మళ్ళీ తిరగాలి, మళ్ళీ ఏరాలి. నాసిరకం వచ్చిన వరుసను నిర్దాక్షిణ్యంగా వదిలేయాలి. ఒక ఏడాదికి ఒకే పంట కాబట్టి ఒక అడుగు వేయడానికి ఒక ఏడాది పడుతుంది. ఇలా పదేళ్ళకు పైగా నడిచాడు. ఒక్కొక్క వరుసా రాలిపోగా చివరికి 9వ నంబరు నిలిచింది. 1921లో దాన్ని న్యూమెక్సికో నంబర్ 9 అనే పేరుతో రైతుల చేతికి ఇచ్చాడు. కాయలన్నీ ఒకే తీరుగా, నునుపుగా, కండతో, కొనకు సన్నబడుతూ వచ్చేవి. దాదాపు 1950 దాకా ఆ రాష్ట్రంలో మిరప అంటే అదే. తర్వాత వచ్చిన పెద్ద కాయల రకాలకు కూడా మూలం అదే.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆయన శూన్యంలోనుంచి ఏదీ పుట్టించలేదు. పేద మెక్సికన్ రైతులు తరతరాలుగా దాచిన విత్తనమే ఆయన పెట్టుబడి. రెండు, ఫలితం ప్రభుత్వ క్షేత్రంలో, ప్రజల డబ్బుతో వచ్చింది, రైతులకే పోయింది. రైతు ఆ గింజను దాచుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వచ్చు. అడిగేవాడు లేడు.

మెచ్చుకోవడమే కాదు, లోటూ చెప్పాలి. నంబర్ 9 రూపం దిద్దుకున్నది కొంతవరకు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల కోసం, కారం తక్కువ తినే తెల్లవాళ్ళ కోసం. మార్కెట్టు పెరిగింది. ఎండలో వంగి కాయ కోసే మెక్సికన్ కూలీ బతుకు అంతగా మారలేదు. మంచి విత్తనం దిగుబడి ఇస్తుంది. కూలి రేటు మాత్రం విత్తనం ఇవ్వదు, అది అడిగి తెచ్చుకోవలసిందే.

నీళ్ళతో వచ్చిన తెగులు

ఇక తెగులు సంగతికి వద్దాం. 1916లో రియో గ్రాండే మీద ఎలిఫెంట్ బ్యూట్ ఆనకట్ట పూర్తయింది. లోయకు కాలవ నీరు నికరమయింది. నీరు రావడం వరమే. అయితే మిరప మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే ఏమవుతుందో మనకు తెలుసు.

1918 ప్రాంతంలో అదే ప్రయోగ క్షేత్రంలో లియోనియన్ అనే శాస్త్రజ్ఞుడు ఎండిపోతున్న మిరప మొక్కలను పరీక్ష చేశాడు. వాటినుంచి ఒక కొత్త సూక్ష్మజీవిని వేరుచేసి, 1922లో దానికి ఫైటోఫ్తొరా క్యాప్సిసి అని పేరు పెట్టాడు. ప్రపంచంలో మిరప పండే దేశాలన్నిటా ఈనాటికీ రైతును ఏడిపిస్తున్న ఆ జీవికి నామకరణం జరిగింది గార్సియా పనిచేసిన చోటే.

ఇది చూడడానికి బూజులాగే ఉంటుంది గానీ అసలు బూజు జాతి కాదు, నీటిలో బతికే నాచులకు దగ్గర చుట్టం. దీని కణాలకు తోకల్లాంటివి ఉండి నీళ్ళలో ఈదుతాయి. ఒక జబ్బు మొక్కనుంచి కాలవ నీటిలో ఈదుకుంటూ పోయి పక్క మొక్క వేరును పట్టుకుంటాయి. సాలుకు సాలు ఎండిపోవడంలోని రహస్యం ఇదే. గట్టి పెంకు ఉన్న మరో రకం కణాలు నేలలో ఏళ్ళ తరబడి పడి ఉండగలవు. అందుకని ఒకసారి వచ్చిన చేలో మళ్ళీ మిరప వేస్తే మళ్ళీ వస్తుంది.

నంబర్ 9 ఈ తెగులుకు జవాబు కాలేకపోయింది. పేరు తెచ్చిన రకం కదా అని గార్సియా ఆ సంగతి కప్పిపుచ్చలేదు. 1933లో సాగు పద్ధతులతో ఎండు తెగులును తగ్గించడం గురించి ప్రత్యేకంగా ఒక బులెటిన్ రాశాడు. నీటిలో ఈదే శత్రువును నీటి దగ్గరే ఆపాలి. మొక్కను ఎత్తుగా బోదె మీద ఉంచి, తడి మొదలును తాకకుండా కాలవలో పోనివ్వాలి. పల్లంలో నీళ్ళు నిలవనివ్వకూడదు. ఈ పనికి సీసా అక్కరలేదు, పారా పట్టిన మనిషి కావాలి. చేలో నీటి దారి ఎటు పోతుందో ఆఫీసరుకన్నా నీళ్ళు కట్టే కూలీకే బాగా తెలుసు. ఆ తెలివికి ఎవరూ విలువ కట్టకపోవడం వేరే సంగతి.

మొక్క సొంత బలం

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు రెండో సగం జవాబు. ఇది గార్సియా పోయాక తేలిన విషయం.

మొక్కకు సొంత రక్షణ ఉంది. మనకు ఉన్నట్టు రక్తమూ, తెల్లకణాలూ దానికి లేవు. దాని పద్ధతి వేరు. శత్రువు తాకినచోట ఉన్న కణం తనంతట తాను చచ్చిపోతుంది. చుట్టూ మంట అంటుకోకుండా గడ్డివామును విడదీసినట్టు, జబ్బుకు దారి లేకుండా చేస్తుంది. పక్క కణాలు విషాన్ని తయారుచేస్తాయి. మిరపలో ఇలా పుట్టే పదార్థానికి క్యాప్సిడియోల్ అని పేరు. కెనడా శాస్త్రజ్ఞులు 1972లో దీన్ని గుర్తించారు. తెగులు తట్టుకునే మొక్కకూ, తట్టుకోలేని మొక్కకూ తేడా చాలావరకు వేగంలో ఉంది. రెండోదానికి ఆయుధం లేక కాదు, తీసేసరికి ఆలస్యం అయిపోతుంది.

మరి ముందే మేల్కొలపవచ్చునా? వచ్చును. 1961లో కార్నెల్‌లోనే, అంటే గార్సియా చదివిన చోటే, రాస్ అనే శాస్త్రజ్ఞుడు పొగాకు మొక్క కింది ఆకులకు ఒక వైరస్ పూశాడు. కొన్ని రోజులు ఆగి పై ఆకులకు అదే వైరస్ పూస్తే మచ్చలు తక్కువగా, చిన్నవిగా వచ్చాయి. కింది ఆకు తిన్న దెబ్బ కబురు పై ఆకుకు అందిందన్నమాట. 1979లో ఇంగ్లండులో వైట్ అనే ఆయన పొగాకుకు ఆస్పిరిన్ ఇచ్చి అలాంటి ఫలితమే చూశాడు. ఆస్పిరిన్‌కు మూలమైన శాలిసిలిక్ ఆమ్లం మొక్కలో ఈ కబురు నడిపే పదార్థాల్లో ముఖ్యమైనదని తర్వాత తేలింది. 1996లో కొరియా శాస్త్రజ్ఞులు బీటా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం అనే పదార్థాన్ని మిరప మొక్కలకు ముందుగా ఇచ్చి, ఫైటోఫ్తొరాను తట్టుకునే శక్తి పెరగడం చూపించారు.

కాబట్టి కొట్టాయన చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు. అర్ధసత్యం, అందుకే ఎక్కువ ప్రమాదం. ఈ పదార్థాలు జబ్బును చంపవు, మొక్కను హెచ్చరిస్తాయి. తెగులు రాకముందు ఇస్తేనే పని. వేళ్ళు కుళ్ళి తల వాల్చిన మొక్కకు హెచ్చరిక ఎందుకు? ఇల్లు కాలిపోయాక కావలివాణ్ణి లేపినట్టు. పైగా మేలుకుని కాపలా కాయడానికి మొక్కకూ తిండి ఖర్చవుతుంది. అవసరం లేకుండా పదేపదే లేపితే ఎదుగుదల తగ్గవచ్చు. నీళ్ళు నిలిచే చేలో ఏ మేల్కొలుపూ ఒంటరిగా నిలబడదు.

అన్నిటికన్నా ఆలోచించవలసింది మరొకటి ఉంది. ఈ తెగులుకు గట్టిగా తట్టుకునే మిరప ఏదీ అని శాస్త్రజ్ఞులు వెదికితే అది మెక్సికోలోని మోరెలోస్ రాష్ట్రపు నాటు మిరపలో దొరికింది. క్రియోయో దె మోరెలోస్ 334 అంటారు. కాయ చిన్నది, మార్కెట్టులో ఎవరూ కొనరు. కానీ దాని వేరు ఫైటోఫ్తొరాను నిలవనివ్వదు. ఆ బలం ఒక్క జన్యువుతో వచ్చింది కాదు, చాలావాటి కలయిక. అందుకే మంచి కాయ ఉన్న రకాల్లోకి దాన్ని తేవడం కష్టంగా ఉంది. దాని మొదలు మీద వేరే మిరపను అంటుకట్టి కూడా చూస్తున్నారు. 2014లో మిరప జన్యుపటం ప్రకటించినప్పుడు శాస్త్రజ్ఞులు చదివింది ఈ నాటు మిరపనే. పేదవాడి పెరట్లో ఎవరి కంటా ఆనని మొక్క ఈ రోజు ప్రపంచ మిరపకు ఆధారం అయింది.

ఆయన వదిలి వెళ్ళింది

గార్సియా సొంత జీవితంలో సుఖం తక్కువ. 1907లో హూలియెటా అమడోర్‌ను పెళ్ళాడాడు. పుట్టిన ఒక్క బిడ్డా దక్కలేదు. 1920లో భార్య పోయింది. ఆ తర్వాత పొలమూ, విద్యార్థులే ఆయన లోకం. మిరపే కాదు, ఉల్లి రకాలు తెచ్చి నిలబెట్టాడు. 1913లో పీకాన్ అనే గింజల చెట్లు నాటించాడు. ఈనాడు ఆ లోయలో అది పెద్ద పంట. వణుకు రోగం పట్టి 1945లో ఉద్యోగం వదిలాడు. 1948లో కన్నుమూశాడు.

తన ఆస్తి కళాశాలకు రాశాడు. ఒక షరతు పెట్టాడు. మెక్సికన్ సంతతి పేద పిల్లలు చదువుకోవడానికీ, ఉండడానికీ వసతిగృహానికీ ఆ డబ్బు వాడాలి. నాయనమ్మ అంట్లు తోమిన ఇంట్లో తనకు దొరికిన చదువు ఇంకెవరి దయమీదా ఆధారపడకుండా తనవాళ్ళకు దొరకాలని ఆయన కోరిక అని మేము అనుకుంటున్నాం. ఆయన పేరుతో అక్కడ వసతిగృహమూ, ప్రయోగ క్షేత్రమూ ఉన్నాయి.

ఇక మనం చేయవలసింది. మన గుంటూరు దగ్గర లాంలో కూడా ప్రభుత్వ పరిశోధనా కేంద్రం ఉంది. ఎల్.సి.ఎ. అక్షరాలతో అది ఇచ్చిన రకాలను మన రైతులు వేల ఎకరాల్లో వేశారు. అలాంటి కేంద్రాల్లో ఖాళీలు నింపమనీ, తెగుళ్ళను తట్టుకునే రకాల మీద పని పెంచమనీ అడగడం రైతు సంఘానిదే కాదు, కూలీ సంఘానిదీ పని. పంట నిలిస్తేనే కదా కోత. ఊళ్ళల్లో ఎవరైనా నాటు మిరప గింజ దాచుకుని ఉంటే పారేయవద్దని చెప్పండి. మిరప ఎండిన చేలో మళ్ళీ వెంటనే మిరప వేయవద్దనీ, బోదె ఎత్తు పెంచమనీ, జబ్బు మొక్కను పీకి కాలవలో వేయకుండా దూరంగా తీసుకుపొమ్మనీ చెప్పండి. బలం ఇచ్చే మందు అని ఎవరైనా సీసా చూపితే మూడు ప్రశ్నలు వేయండి. లోపల ఏముంది? ఏ తెగులుకు? రాకముందా, వచ్చాకనా? జవాబు లేని సీసాకు పద్దు రాయించుకోవద్దు.

పెద్దమ్మకు మా జవాబు ఇదీ. మొక్కకు సొంత బలం ఉంది. అది గింజలో కొంత, నేలలో కొంత, నీళ్ళు కట్టే చేతిలో కొంత ఉంది. ముందుగా మేల్కొలిపే మందు వీటికి తోడు కాగలదు, వీటి బదులు కాలేదు. ఈ మాట నేర్పినవాడు పెద్ద ఇంట్లో పుట్టలేదు. ఒక పనిమనిషి చేయి పట్టుకుని సరిహద్దు దాటి వచ్చిన అనాథ.